ఏజెన్సీ వదిలేసి యాప్‌లో సొంతంగా డ్యూటీలు పట్టుకోవచ్చా? (చర్చ)

కోనసీమ_పిల్ల:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఆరేళ్ల నుంచి హైదరాబాదులో పెద్దవాళ్లను చూసుకునే డ్యూటీలు చేస్తున్నాను. ఇరవై నాలుగు గంటల డ్యూటీ, ఆ ఇంట్లోనే ఉండటం. మొన్నటిదాకా ఒక ఏజెన్సీ తరఫున వెళ్లేదాన్ని. ఇంటివాళ్లు నెలకు 27 వేలు కట్టేవారు, నా చేతికి 18 వచ్చేవి. ఆ సంగతైనా రెండేళ్లు గడిచాక పెద్దాయన కోడలు మాటల్లో నోరు జారితే తెలిసింది.

ఏప్రిల్లో అది మానేసి, ఇళ్లకు మనుషుల్ని కుదిర్చే ఒక యాప్‌లో పేరు పెట్టుకున్నాను. ఆధార్ ఎక్కించాను, ఫొటో పెట్టాను. ఏడు వారాల్లో ఆరు ఫోన్లు వచ్చాయి. నలుగురు "రివ్యూలేమీ లేవేంటమ్మా" అని పెట్టేశారు. ఒకాయన ఇంకో ఫొటో పంపమన్నాడు, బ్లాక్ చేశాను. ఆఖరివాళ్లు మూడు రోజులు బేరమాడి, వాళ్ల చుట్టాలమ్మాయి దొరికిందన్నారు.

నా ప్రశ్న ఇదండి. ఆరేళ్లలో ఐదు ఇళ్లలో చేశాను. నలుగురు నా చేతుల్లోనే పోయారు. మా పనిలో డ్యూటీ అయిపోవడమంటే మామూలుగా అదే కదా. దినాలు జరుగుతున్న ఇంట్లో ఫోన్ పట్టుకుని "ఐదు స్టార్లు ఇవ్వండమ్మా" అని ఎలా అడగను? అడగకపోతే ఆ యాప్‌లో నేను నిన్న పుట్టినదాన్నే. మళ్లీ ఏజెన్సీకే వెళ్లిపోనా?

ఏజెన్సీ_అన్న:

వెళ్లిపో అమ్మా. కోపం తెచ్చుకోకు, పదిహేనేళ్లుగా ఏజెన్సీ నడుపుతున్నాను కాబట్టి చెప్తున్నా. ఆ తొమ్మిది వేలూ మా జేబులోకే పోతాయని అందరూ అనుకుంటారు. సంక్రాంతికి ఊరెళ్లిన అమ్మాయి తిరిగి రాకపోతే తెల్లారేసరికి ఇంకో మనిషిని పంపేది ఎవరు? డ్యూటీ లేని రోజుల్లో హాస్టల్లో అన్నం పెట్టేది ఎవరు? పోయినేడు ఒక ఇంట్లో ఉంగరం కనబడలేదని పోలీస్ స్టేషన్‌కు రమ్మన్నారు. ఆ అమ్మాయి వెంట రాత్రి పదకొండు దాకా కూర్చున్నది నేనే. ఉంగరం వాళ్ల బాత్రూంలోనే దొరికింది. ఆ అమ్మాయికి ఎవరూ సారీ చెప్పలేదు. యాప్ వచ్చి కూర్చుంటుందా నీ పక్కన?

వరంగల్_పోరడు:

అన్నా, గవన్నీ నిజమే. మరి 27 తీసుకుని 18 ఇస్తున్నమని ఆ అక్కకు రెండేండ్లు ఎందుకు చెప్పలే? సేవకు పైసలు తీసుకునుడు తప్పు కాదు, దాసిపెట్టుడు తప్పు.

అక్కా, నేను అవతలి దిక్కున్నోన్ని. మా అమ్మమ్మకు మనిషి కావాల్నని పోయిన దసరాకు నేనే యాప్‌ల ఎతికిన. ఎట్ల ఎతికిన్నో చెప్త, నీకు పనికొస్తది. ముందుగాల ఏరియా జూసిన. తర్వాత జీతం. అప్పటికే ఇరవై ముప్పై ప్రొఫైళ్లు మిగిలినయి, అన్నిట్ల ఒక్కటే రాత: సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ప్రేమగా చూసుకుంటా. ఎవర్ని పిలవాలె? ఒకామె మాత్రం రెండే ముక్కలు రాసింది. "డెబ్బై కిలోల మనిషిని మంచం మీంచి వీల్‌చైర్లోకి ఒక్కదాన్నే దించుతాను. ఇంటిల్లిపాదికీ వంట చెయ్యను." ఆ వంట చెయ్యను అన్న మాటకే ఫోన్ చేసిన. పని తెలిసినోళ్లే గట్ల రాస్తరు. ఆమెకు అప్పటికి రివ్యూ ఒక్కటి కూడా లేదు.

ఇంకోటి. ఎవరన్నా ఫోన్ చేస్తే గంటల తిరిగి చెయ్. నేను ఐదుగురికి కొట్టిన, ఇద్దరే ఎత్తిన్రు. రేట్ల పోటీకి దిగకు. తక్కువ రాసినోళ్లను జూస్తే మా అసొంటోళ్లకు అనుమానమే వస్తది.

డాలస్_నుంచి:

నేనూ డబ్బు కట్టేవైపు మనిషినే. అమ్మానాన్నలు విజయవాడలో. నాన్నగారికి పక్షవాతం, ముక్కు గొట్టంతోనే తిండి. ఇంత దూరం నుంచి భయపడి మొదట ఏజెన్సీకే వెళ్లాను. ఏడాదిలో నలుగురు మారారు. ప్రతిసారీ అమ్మ మొదటి నుంచి నేర్పుకోవడం. మనిషిని పంపేస్తాం అన్న మాట నిజమే, పంపారు. కానీ మాకు కావాల్సింది మనిషి మారడం కాదు కదా, ఉండటం.

స్టార్లు నేను చూడను. మా బంధువుల యాప్ వ్యాపారానికి మేమే ఇంటిల్లిపాదిమీ ఐదు స్టార్లు కొట్టాం, నాకు తెలియదా! ఇంతకుముందు చేసిన ఇంటివాళ్లతో ఒక్క పది నిమిషాలు మాట్లాడనిస్తే చాలు. ఆ తర్వాత మనకు రాత్రి తొమ్మిదింటప్పుడు వీడియో కాల్ పెట్టుకుని ఒకే ప్రశ్న అడిగాను: "గొట్టంలో తిండి పోశాక ఏం చేస్తావు?" ఇద్దరు గొట్టం కడుగుతామన్నారు. మూడో ఆవిడ, "పోసేముందే తల ఎత్తి కూర్చోబెడతానండి. పోశాక కూడా అరగంటకు పైగా పడుకోనివ్వను, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంది. ఆవిడే ఇప్పటికీ ఉంది.

యూనియన్_అక్క:

డాలస్ వారికి ఒక ప్రశ్న. మీరు ఆవిణ్ణి ఇన్ని అడిగారు. రాత్రి ఎన్ని గంటలు పడుకోనిస్తారో, వారానికి ఒక పూట సెలవు ఇస్తారో లేదో మీరు చెప్పారా?

డాలస్_నుంచి:

మొదట్లో చెప్పలేదు. నిజం ఒప్పుకుంటాను. మూడో నెలలో ఆవిడే అడిగింది. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా మా పిన్ని కొడుకు ఉంటాడు. రాత్రి నాన్నగారిని రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పాలి కాబట్టి పగలు నాలుగు గంటల నిద్ర ఆవిడది. ఆ టైములో ఎవరూ పిలవకూడదని అమ్మే కాపలా.

రిటైర్డ్_ఏఎన్ఎం:

అమ్మాయ్, నీ ప్రొఫైల్లో ఏం రాసుకున్నావో ముందు చెప్పు. హోం నర్స్ అని రాసుకుంటే ఈ రోజే తీసెయ్. ఏఎన్ఎం రెండేళ్ల చదువు, జీఎన్ఎం మూడేళ్లు, ఆ పైన నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్. అవి లేకుండా నర్స్ అంటే, రేపు ఏదన్నా అటూ ఇటూ అయితే మొత్తం నీ మెడకే చుట్టుకుంటుంది. ఇంజెక్షన్ చెయ్యమంటే చెయ్యనని చెప్పు. మొహమాటపడకు. నాలాంటివాళ్లను రోజుకు ఒకసారి పిలిపించుకోమను. కేర్‌టేకర్ అన్న మాటేం చిన్నది కాదు. జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్) కోర్సు సర్టిఫికెట్ ఉంటే దాని ఫొటో పెట్టు. ప్రభుత్వ స్కిల్ కేంద్రాల్లో ఆ కోర్సు, హోం హెల్త్ ఎయిడ్ కోర్సూ నేర్పుతారు, చాలాచోట్ల ఫీజు ఉండదు.

రివ్యూ మాటకొస్తే, చావింట్లో అడగకూడదు. ముందే అడగాలి. రెండో నెలలో అడుగు. అప్పటికి నీ పనేంటో వాళ్లకు తెలుస్తుంది, మనిషీ బతికే ఉంటారు. పేషెంటు మాట్లాడగలిగితే ఆయన్నే అడుగు. ఒంటి మీద బెడ్‌సోర్‌తో ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషికి నీ చేతిలో అది మానిందనుకో, ఆ మాట వాళ్లే రాయాలి, నువ్వు రాసుకోకూడదు. పుండు ఫొటోలు, పెద్దవాళ్లు మంచం మీద ఉన్న ఫొటోలు పెట్టకు. చాలామంది పిల్లలు పెడుతున్నారు, చూస్తే ఒళ్లు మండుతుంది. రేపు మా అమ్మనూ ఇలాగే ఊరందరికీ చూపిస్తుందని జనం భయపడరూ?

యూనియన్_అక్క:

అందరూ ప్రొఫైల్ ఎలా దిద్దుకోవాలో చెప్తున్నారు. నేను అడిగేది వేరు. రేపు ఈ అమ్మాయికి యాభై రివ్యూలు వచ్చాయనుకోండి, అవి ఎవరివి? ఆమెవా, యాప్‌వా? ఖాతా మూసేస్తే వాటిని వెంట తీసుకెళ్లగలదా? ఏజెన్సీ ఆరేళ్ల అనుభవాన్ని కాగితం లేకుండా మింగేసింది, యాప్ స్టార్ల లెక్కలో మింగేస్తుంది. అంతే తేడా. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో, ఇళ్లకు పనివాళ్లను పంపే అర్బన్ కంపెనీ యాప్ ఆఫీసు ముందు బ్యుటీషియన్లు ధర్నాకు కూర్చున్నది కమిషన్ల మీదా, రేటింగుల మీదా కదా. వాళ్లందరికీ క్లయింట్లు దొరకనే దొరికారు. దొరికాకే మొదలైంది గొడవ.

కాబట్టి యాప్‌లో ఉండు, కానీ దాన్నే నమ్ముకుని ఉండకు. ప్రతి ఇంటి నుంచి తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాయించుకో: ఎన్ని నెలలు చేశావు, ఏ పని చేశావు. కింద సంతకం. అది నీది. ఇంటి నంబరు, జబ్బు పేరు అందులో అక్కర్లేదు.

ఆధార్ మొత్తం అంకెలతో కనపడేది క్లయింట్లకు వాట్సాప్‌లో పంపకు. ఆధార్ సైటులోనే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, చివరి నాలుగంకెలే కనపడతాయి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్లో పేరు నమోదు చేయించుకో. సామాజిక భద్రతా కోడ్ 2020లో వచ్చినా, 2025 నవంబరు 21న గానీ అమల్లోకి రాలేదు. యాప్ కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల సంక్షేమానికి కట్టాలని అందులో ఉంది, మీకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించనక్కర్లేదు. ఏయే రకం కంపెనీలు కట్టాలో చెప్పే జాబితాలో ఆరోగ్య సేవలూ ఉన్నాయి. ఆ డబ్బు చేతికి ఎప్పుడొస్తుందో నేను మాట ఇవ్వను, పేరైతే ఉండాలి.

ఫొటో పంపమన్నవాడి విషయం. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ప్రకారం నువ్వు పనిచేసే ఇల్లు కూడా పనిచేసే చోటే. జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది, ఫిర్యాదు అక్కడ ఇవ్వచ్చు. హైదరాబాదులో ఆడవాళ్ల కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

ఏజెన్సీ_అన్న:

చట్టాలన్నీ బాగానే ఉన్నాయక్కా. ఈ అమ్మాయికి పదిహేను రోజులు టైఫాయిడ్ వస్తే ఆ ముసలాయన దగ్గరికి ఎవరు వెళ్తారు? దానికి ఇంతమందిలో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆన్‌లైన్లో క్లయింటును పట్టుకోవడం కాదు కష్టం, నిలబెట్టుకోవడం.

డాలస్_నుంచి:

ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను. నాన్నగారిని చూసుకునే ఆవిడకు జ్వరం వచ్చినప్పుడు నేను ఇక్కడ రెండు రాత్రులు నిద్రపోలేదు.

వరంగల్_పోరడు:

కేరళల కుటుంబశ్రీ వాళ్లు కే4 కేర్ అని నడుపుతున్నరు. పొదుపు సంఘాల ఆడోళ్లకే ట్రైనింగ్ ఇచ్చి, అడిగిన ఇండ్లకు పంపుతరు. మనకు డ్వాక్రా సంఘాలు ఇన్ని ఉన్నయి, గట్ల ఎవరన్న ఆలోచిస్తే మంచిగుండు. అది మన చేతుల లేదనుకో. అక్కా, నీ హాస్టల్ల ఇంకెంతమంది ఉన్నరు?

(మూడు వారాల తర్వాత)

కోనసీమ_పిల్ల:

అందరికీ దండాలండి. ఆలస్యమైంది, డ్యూటీలో ఉన్నాను.

ముందు ప్రొఫైల్ మార్చాను. నర్స్ అన్న మాట తీసేశాను (నిజమే, రాసుకున్నాను, ఏఎన్ఎం అమ్మగారూ). ఇప్పుడు ఇలా ఉంది: "కేర్‌టేకర్. ఆరేళ్లు. మంచం పట్టినవారికి స్నానం, డైపర్, రెండు గంటలకోసారి తిప్పడం, ముక్కు గొట్టం తిండి. మతిమరుపు పెద్దవారితో రెండేళ్లు. ఇంజెక్షన్ చెయ్యను. పేషెంటుకు మాత్రమే వండుతాను. నెలకు రెండు రోజులు సెలవు. పాత ఇంటివారితో మాట్లాడిస్తాను." అది పెట్టిన వారంలో నాలుగు ఫోన్లు. సెలవు మాట చూసి ఒకరు తిట్టారు, పర్లేదు.

తర్వాత ఇంతకుముందు డ్యూటీ చేసిన మల్కాజిగిరి ఇంటి అమ్మగారికి ఫోన్ చేశాను. వాళ్ల నాన్నగారు ఫిబ్రవరిలో పోయారు. ఏమనుకుంటారోనని రెండు రోజులు తటపటాయించాను. ఆవిడ రివ్యూ రాయలేదు. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపారు. ఆఖరి వారం ఆయన నన్ను వాళ్ల చెల్లెలనుకుని ఆ పేరుతో పిలిచేవారు, నేనూ పలికేదాన్ని. అది నేను ఎవరికీ చెప్పలేదు, ఆవిడ చెప్పారు. యాప్‌లో ఇలాంటిది పెట్టే చోటు లేదండి. ఇది ఎవరికైనా పంపుకోవచ్చని ఆవిడే అన్నారు. అందుకని అడిగినవాళ్లకు వాట్సాప్‌లో పంపుతున్నాను. వనస్థలిపురంలో ఇప్పుడు చేస్తున్న డ్యూటీ అది విన్నాకే ఇచ్చారు. నెలకు 23 వేలు, నా చేతికే.

అన్నగారడిగిన టైఫాయిడ్ మాట. హాస్టల్లో నాతో పాటు పార్వతీపురం అమ్మాయి ఒకరు, ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు ఉన్నారు. ముగ్గురం కలిసి ఒక వాట్సాప్ బిజినెస్ నంబరు తీసుకున్నాం. ఎవరు డ్యూటీలో లేకపోతే వాళ్లు ఫోన్ ఎత్తాలి. ఒకరికి బాగోలేకపోతే ఇంకొకరు వెళ్లాలి. మొదటి రోజే ఇంటివాళ్లకు ముగ్గురినీ చూపిస్తాం, బదులు వచ్చేది కొత్తమొహం కాకూడదని. యాప్‌లో మాత్రం ఒక ఆధార్‌కు ఒకే ప్రొఫైల్ అన్నారు, కాబట్టి అక్కడ విడివిడిగానే ఉన్నాం.

ఏజెన్సీ_అన్న:

ముగ్గురు కలిసి ఒక నంబరు పెట్టి, డ్యూటీలు పంచుకుని, ఒకరు రాకపోతే ఇంకొకరిని పంపితే దాన్నే ఏజెన్సీ అంటారమ్మా. నేనూ ఇద్దరితోనే మొదలుపెట్టాను.

కోనసీమ_పిల్ల:

అంటారేమోనండి. కమిషన్ అయితే లేదు.

ఏజెన్సీ_అన్న:

మొదటి నెలే కదా.