50–0 ఉంటే చాలు, మొదటి స్థానం ఇచ్చేయాలా?

రాయపురం రఘు

మా బాక్సింగ్ హాలులో ఒక నల్లబల్ల ఉంది. మామూలుగా దాని మీద ఆ రోజు ఎవరు ఎన్ని రౌండ్లు సాధన చేయాలో రాస్తాం. పోయిన వారం కుర్రాళ్లు అది చెరిపేసి ప్రపంచంలో గొప్ప బాక్సర్లు పది మంది అంటూ ఒక వరుస రాశారు. పైన ఫ్లాయిడ్ మేవెదర్, 50–0, అంటే యాభై గెలుపులు, ఓటమి సున్నా. కింద రాకీ మార్సియానో, 49–0. షుగర్ రే రాబిన్సన్‌ను ఏడో చోటికి తోసేశారు. ఎందుకురా అంటే, "19 సార్లు ఓడిపోయాడు కదా సార్" అన్నారు.

మేవెదర్ యాభయ్యో గెలుపు 2017లో కానర్ మెక్‌గ్రెగర్ మీద. వృత్తి బాక్సింగ్‌లో మెక్‌గ్రెగర్‌కు అదే మొదటి బౌట్. మానీ పాకియావ్ లాంటి ప్రపంచ ఛాంపియన్ మీద గెలుపు ఒకటి, ఇదీ ఒకటి అని ఎలా లెక్కపెడతాం? అలాగని నాకు నచ్చినవాడిని పైన పెడితే కుర్రాళ్లు ఊరుకోరు. మీరైతే రికార్డును ఎలా చదువుతారు, ప్రత్యర్థులకు ఎంత విలువ ఇస్తారు? సాధన చేసినవాళ్లు, చూసినవాళ్లు, లెక్కలు కట్టినవాళ్లు అందరూ చెప్పండి.

పెరంబూరు పెద్దాయన

రఘూ, ముందు ఆ 19ని విడదీసి చూపించు వాళ్లకు. 1960 వచ్చేదాకా రాబిన్సన్ ఓడినవి ఆరే. మిగతా పదమూడూ 38 ఏళ్లు వచ్చాక, చేతిలో డబ్బు నిలవక 44 దాకా రింగులో కొనసాగినప్పటివి.

ఆ ఆరింటినీ చూడు. 1943లో జేక్ లమోటా ఓడించాడు. అతను బరువులో రాబిన్సన్ కంటే చాలా ఎక్కువ. మూడు వారాలకే రాబిన్సన్ అతన్ని ఓడించాడు. ఇద్దరి మధ్య జరిగిన ఆరు బౌట్లలో ఐదు రాబిన్సన్‌వే. 1951లో ర్యాండీ టర్పిన్ చేతిలో ఓడి, రెండు నెలలకు టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు. 1952లో తన బరువు విభాగం దాటి పైకి వెళ్లి జోయ్ మాక్సిమ్‌తో తలపడ్డాడు. న్యూయార్క్‌లో జూన్ నెల, ఆరుబయట, పైన దీపాలు. వేడికి తాళలేక రిఫరీయే మధ్యలో తప్పుకుంటే ఇంకొకరు వచ్చారు. పాయింట్లలో బాగా ముందున్న రాబిన్సన్ పద్నాలుగో రౌండుకు స్టూలు మీద నుంచి లేవలేకపోయాడు. అన్ని బౌట్లలో అతన్ని ఆపింది ఆ ఒక్కసారే. మే నెలలో మన రేకుల షెడ్లలో గ్లౌజులు తొడిగినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చినప్పుడు నెహ్రూ స్టేడియంలో నేనూ ఉన్నాను. జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన బౌట్. ఎం.జి.ఆర్. కూడా వచ్చారు. జనం ఊగిపోయారు. ప్రదర్శన కాబట్టి అలీ 56–5 రికార్డులో అది లేదు, ఉండకూడదు కూడా. అదే ఏడు అక్టోబరులో లారీ హోమ్స్ చేతిలో తిన్న దెబ్బలు మాత్రం ఎక్కాయి. రెండు చోట్లా రింగులో ఉన్నది అలసిపోయిన అలీయే. హోమ్స్ గొప్పవాడే, కానీ అలీ మీద ఆ గెలుపుకు నేను ఒక్క మార్కు కూడా ఇవ్వను.

ఓఎంఆర్ లెక్కలు

చదరంగంలో వాడే ఎలో పద్ధతిని బాక్సింగ్‌కు పెట్టి చూశాను. బలమైనవాడిని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనుడిని ఓడిస్తే నామమాత్రం, బలహీనుడి చేతిలో ఓడితే బాగా కోత. వినడానికి బాగుంటుంది. అమలులోకి వచ్చేసరికి మూడు చోట్ల బెడిసికొట్టింది.

ఒకటి, ఫ్రేజియర్, ఫోర్‌మన్, అలీ. 1971లో అలీని ఫ్రేజియర్ ఓడించాడు. 1973లో ఫ్రేజియర్‌ను ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ముగించాడు. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను అలీ ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. మధ్యలో కెన్ నార్టన్ ఒకడు. అలీ దవడ విరగ్గొట్టిన ఆ నార్టన్, ఫోర్‌మన్ ముందు రెండు రౌండ్లు కూడా నిలవలేదు. ఎవడి పోరాట శైలి ఎవడికి కొరకరాని కొయ్యో సూత్రానికి తెలియదు. అది అందరినీ ఒకే నిచ్చెన మీద నిలబెడుతుంది.

రెండు, బౌట్లు చాలడం లేదు. చదరంగం ఆటగాడు ఏడాదికి పదుల ఆటలు ఆడతాడు. రాబిన్సన్ జీవితంలో రెండు వందల దాకా బౌట్లు ఉన్నాయి, ఒలెక్సాండర్ ఉసిక్ పాతికకు అటూ ఇటూ బౌట్లతోనే రెండు బరువు విభాగాల్లో అన్ని టైటిల్ బెల్టులూ కట్టుకున్నాడు. ఇద్దరి సంఖ్యల్నీ పక్కపక్కన పెడితే వచ్చే జవాబును నేనే నమ్మలేదు.

మూడోది ముసలితనం. పేరున్న బాక్సర్ రెండేళ్లు ఖాళీగా కూర్చున్నా అతని పాయింట్లు ఎత్తులోనే ఉంటాయి. కుర్రవాడు వచ్చి ఆ కీర్తిని ఒక్క రాత్రిలో ఎగరేసుకుపోతాడు. దీన్ని సరిచేద్దామని వయసును బట్టి తగ్గింపు పెట్టాను. అప్పుడు ఆర్చీ మూర్ లాంటివాడు అన్యాయమైపోయాడు. నలభై దరిదాపుల్లోనూ ఛాంపియన్‌గా ఉన్నవాడు ఆయన.

క్రోంపేట కిరణ్

అందరూ కలిసి మేవెదర్ మీద పడ్డారు. మెక్‌గ్రెగర్ బౌట్ తమాషానే, ఒప్పుకుంటాను, దాన్ని తీసేయండి. 49 మిగిలాయి. అందులో ఏముందో చూడండి. 2001లో డీగో కొరాలెస్, అప్పటికి ఓటమి ఎరుగనివాడు, అతన్ని ఐదుసార్లు నేలకు దించాడు. 2002లో కాస్టియోతో మొదటి బౌట్ చాలామంది కాస్టియోదే అన్నారు. మరి అదే ఏడాది మళ్లీ అతనితోనే బౌట్ పెట్టుకుని గెలిచాడు కదా. పారిపోయేవాడి పని కాదు అది. తర్వాత డి లా హోయా, హాటన్, మార్కెజ్, మోస్లీ, కొట్టో, కానెలో, పాకియావ్. ఇంత పొడవు జాబితా చూపించి "సున్నాకు విలువ లేదు" అంటే ఎలా? ఇరవై ఏళ్లలో ఒక్క చెడ్డ రాత్రి కూడా రాకుండా చూసుకోవడం తేలికైన పని కాదు. రాబిన్సన్‌కు వచ్చాయి, అలీకి వచ్చాయి.

పెరంబూరు పెద్దాయన

పేర్లు కాదు నాయనా, తేదీలు చదువు. కానెలోతో 2013లో జరిగింది. అప్పుడు కానెలోకు 23 ఏళ్లు, పైగా మామూలు 154 పౌండ్లకు బదులు 152కు దిగి రమ్మన్నారు. పాకియావ్‌తో బౌట్ కోసం జనం 2009 చివరి నుంచి ఎదురుచూస్తే 2015లో జరిగింది. ఆలోపు మార్కెజ్ అతన్ని ఒకే పంచ్‌తో బోర్లా పడేశాడు. గెలుపు గెలుపే. ఎప్పుడు ఒప్పుకోవాలో తెలిసిన తెలివి కూడా ఆ సున్నాలో ఉంది. మార్సియానోదీ అంతే. జో లూయిస్‌ను ఓడించాడు, అప్పటికి లూయిస్‌కు 37. వాల్కాట్‌ను ఓడించి టైటిల్ తీసుకున్నాడు, అప్పటికి వాల్కాట్‌కు 38. కాకపోతే ఆ వాల్కాట్ పదమూడో రౌండు దాకా మూడు స్కోరు కాగితాల మీదా ముందే ఉన్నాడు. వయసు చూసి ఆ గెలుపును కొట్టేయలేను.

వ్యాసర్పాడి సౌత్‌పా

వృత్తి బాక్సింగ్ మాటే చెబుతున్నారు. మా వైపు సంగతి వినండి. రాష్ట్ర స్థాయి రజత పతకం మా ఇంటి గోడ మీద ఉంది. ఆ పోటీలో నేను గెలిచింది ఒక్క బౌట్. నా బరువులో పేర్లు ఇచ్చినవాళ్లు తక్కువ. మొదటి రౌండులో బై వచ్చింది, అంటే బౌట్ ఆడకుండానే ముందుకు వెళ్లాను, తర్వాత ఒకరిని ఓడించాను, ఫైనల్లో ఓడాను. అదే పోటీలో పై బరువులో మా హాలు అమ్మాయి మూడు బౌట్లు గెలిచి సెమీస్‌లో ఓడి కాంస్యం తెచ్చుకుంది. ధ్రువపత్రాలు పక్కపక్కన పెడితే నేనే గొప్ప. మా హాలులో అడిగితే ఎవరూ అలా అనరు.

పెద్ద వేదికలోనూ ఇంతే. పారిస్ ఒలింపిక్స్‌లో మన నిఖత్ జరీన్, 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్. అయినా సీడింగ్ లేదు, అంటే బలమైనవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా డ్రాలో ఇచ్చే స్థానం లేదు. ప్రీక్వార్టర్స్‌లోనే మొదటి సీడ్ చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. నిఖత్ ఓడిపోయింది, వూ యూ స్వర్ణం దాకా వెళ్లింది. డ్రాలో అటు పక్క పడి ఉంటే కథ వేరుగా ఉండేది. ఎన్నో రౌండులో వెనుదిరిగారు అన్నది చూసి అంచనా కట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి చేతిలో ఓడారో అడగండి.

రింగు పక్క కుర్చీ

స్థానిక పోటీల్లో జడ్జిగా కూర్చుంటాను. "గెలుపు" అని కాగితం మీద పడే ఆ ఒక్క మాట ఎలా పుడుతుందో చెబుతాను. నా కుర్చీ నుంచి చాలాసార్లు ఒక బాక్సర్ వీపే కనబడుతుంది. పంచ్ దవడకు తగిలిందా, అడ్డుపెట్టిన గ్లౌజుకు తగిలిందా అన్నది అవతలివాడి తల కదలికను బట్టి, చెమట చిందిన తీరును బట్టి పోల్చుకోవాలి. ఎదురు వైపు జడ్జికి అదంతా అద్దంలో లాగా కనబడుతుంది. అందుకే ఒకే రౌండు నేను ఎరుపు మూలకు, ఆయన నీలం మూలకు ఇస్తాం. ఐదుగురిలో ముగ్గురు ఒక వైపు ఉంటే అది గెలుపు. రికార్డులో ఆ మూడు–రెండు కనబడదు.

2012లో పాకియావ్ ఓటమి చూడండి. టిమోతీ బ్రాడ్లీ గెలిచాడని ఇద్దరు జడ్జీలు రాశారు. గొడవ ముదిరితే ఆ టైటిల్ ఇచ్చే సంస్థ డబ్ల్యూబీఓ ఐదుగురితో మళ్లీ చూపించింది, ఐదుగురూ పాకియావ్‌కే ఇచ్చారు. ఫలితం మాత్రం మారలేదు. ఈనాటికీ అది పాకియావ్ ఖాతాలో ఓటమే. అప్పుడు బ్రాడ్లీకి ఇచ్చిన జడ్జీల్లో ఒకరే మరుసటి ఏడాది మేవెదర్, కానెలో బౌట్‌ను సమానమని రాశారు. చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. 1993లో చావెజ్, పెర్నెల్ విటకర్ బౌట్ డ్రా అన్నారు. దాని పుణ్యాన చావెజ్ ఓటమి లేనివాడిగా ఇంకో నాలుగు నెలలు నడిచాడు.

రికార్డు పుస్తకాలను కూడా గుడ్డిగా నమ్మవద్దు. 1977లో అమెరికాలో టీవీ కోసం ఒక టోర్నీ పెట్టి, ర్యాంకులు చూసి బాక్సర్లను తీసుకున్నారు. కొందరి రికార్డుల్లో జరగని బౌట్లు ఉన్నాయని బయటపడి టోర్నీ మధ్యలోనే ఆగిపోయింది. ఆ ర్యాంకులు ఇచ్చింది సాక్షాత్తూ పేరున్న బాక్సింగ్ పత్రిక రింగ్.

ఓఎంఆర్ లెక్కలు

నా లెక్కను అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది 2014లో జరిగిన ఒక బౌట్. వాసిల్ లొమచెంకో, రెండు ఒలింపిక్ స్వర్ణాలవాడు, వృత్తిలో రెండో బౌట్‌కే ప్రపంచ టైటిల్‌కు దిగాడు. ఎదురుగా ఒర్లాండో సాలిడో. అప్పటికే 12 ఓటములున్నవాడు, పైగా బరువు తూచేటప్పుడు పరిమితి దాటి వచ్చాడు. లొమచెంకో ఓడిపోయాడు. సూత్రం ప్రకారం ఇది ఘోరం. బౌట్ చూస్తే వేరే సంగతి. సాలిడో నడుము కింద కొడుతూ, మీద పడుతూ, చిన్నప్పటి నుంచి డబ్బుకు పోరాడినవాడికి తెలిసిన పనులన్నీ చేశాడు. చివరి రౌండులో లొమచెంకో అతన్ని దాదాపు పడేశాడు కూడా.

ఆ 12 ఓటములే సాలిడోను అలా తయారు చేశాయి. ఓటములు ఉన్న ప్రత్యర్థిని "బలహీనుడు" అని కొట్టేసే ఏ పట్టికా అతన్ని పట్టుకోలేదు.

క్రోంపేట కిరణ్

ఇది బాగుంది. కానీ ఆ లెక్కన ప్రతి ఓటమికీ ఒక సాకు దొరుకుతుంది. వేడి, జడ్జి, బరువు, వయసు. మీకు నచ్చినవాడు ఓడితే కారణం వెతుకుతారు, మేవెదర్ గెలిస్తే తప్పు వెతుకుతారు. కొలబద్ద రెండు వైపులా ఒకేలా పెట్టండి.

రాయపురం రఘు

కిరణ్ మాటలో న్యాయం ఉంది. అందుకే నిన్న కుర్రాళ్లతో ఇలా చేయించాను. మొత్తం గెలుపుల సంఖ్య రాయకూడదు. ప్రతి బాక్సర్‌కూ అతని మూడు మంచి గెలుపులు, ఒక చెత్త ఓటమి రాయాలి. పక్కన ఆ రోజు ఇద్దరి వయసు, బరువు, ఆ తర్వాత ప్రత్యర్థి ఏం సాధించాడన్నది రాయాలి. ఓటమి లేనివాడికి ఓటమికి బదులు అందరికంటే ఇబ్బంది పెట్టిన బౌట్ రాయాలి. మేవెదర్‌కు కాస్టియో మొదటి బౌట్ రాశారు.

రెండు గంటలు కొట్టుకున్నారు. రాబిన్సన్ పైకి వచ్చాడు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మొన్నటి జాబితాలో లేనే లేదు, ఇప్పుడు రెండోవాడు. ఎనిమిదే బరువులు, బరువుకు ఒక్కడే ఛాంపియన్ ఉన్న రోజుల్లో, 1938లో, మూడు టైటిళ్లు ఒకేసారి పెట్టుకున్నాడని చెబితే ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఇప్పుడు పదిహేడు బరువులు, ఒక్కో బరువుకు నాలుగు బెల్టులు. మేవెదర్ ఆరో చోటికి దిగాడు. మార్సియానో పదిలో లేడు, అది నాకే కాస్త ఎక్కువ అనిపించింది. హ్యారీ గ్రెబ్ దగ్గర ఆగిపోయాం. తర్వాత హెవీ వెయిట్ ఛాంపియన్ అయిన జీన్ టన్నీని ఓడించిన ఒకే ఒక్కడు, మూడు వందల దాకా బౌట్లు. చూద్దామంటే అతని బౌట్ల ఫిల్మ్ ఒక్కటీ లేదు.

రింగు పక్క కుర్చీ

గ్రెబ్ బౌట్లలో చాలావాటికి ఫలితం చెప్పింది పత్రికా విలేకరులు. కొన్ని రాష్ట్రాల్లో జడ్జీలు తీర్పు ఇవ్వకూడదని చట్టం ఉండేది. మర్నాడు పేపరులో ఏది వస్తే అదే ఫలితం. అయినా టన్నీ మీద 1922 గెలుపు పదిహేను రౌండ్ల అధికారిక తీర్పు. అది ఒక్కటి చాలు, మొదటి పదిలో పెట్టండి.

వ్యాసర్పాడి సౌత్‌పా

అసలు అవకాశమే ఇవ్వనివాళ్ల సంగతి? చార్లీ బర్లీకి ప్రపంచ టైటిల్ బౌట్ ఒక్కటి కూడా దక్కలేదు. శామ్ లాంగ్‌ఫర్డ్‌తో జాక్ జాన్సన్ ఛాంపియన్ కాకముందు ఒకసారి పోరాడి గెలిచాడు. టైటిల్ చేతికి వచ్చాక మళ్లీ దగ్గరికి రానివ్వలేదు. రఘు గారి పద్ధతిలో వీళ్లకు మూడు గెలుపుల గడి దేనితో నింపుతారు?

పెరంబూరు పెద్దాయన

బర్లీకి నింపవచ్చు తల్లీ. 1944లో ఆర్చీ మూర్‌ను ఓడించాడు. ఆ మూర్ తర్వాత ఏళ్ల తరబడి లైట్ హెవీ వెయిట్ ఛాంపియన్‌గా ఉన్నాడు, 1955లో మార్సియానోను రెండో రౌండులో కింద పడేశాడు కూడా. రఘు పెట్టిన గడుల్లో "ఆ తర్వాత ప్రత్యర్థి ఏం సాధించాడు" అన్నది ఇలాంటి చోటే పనికొస్తుంది. మొదటి గడిలో అది రాయండి. రెండోది, మూడోది నేను వెతికి పెడతాను. లాంగ్‌ఫర్డ్ గురించి కిరణ్‌ను వెతకమనండి, ఓపిక ఉన్నవాడు.