ఈ శనివారం స్నో లేక్‌కి వెళ్లొచ్చా?

అన్నలకూ అక్కలకూ నమస్తే. సియాటిల్ పక్కన రెడ్మండ్ వచ్చి మూడు నెలలైంది. శనివారం ఆఫీసు వాళ్లం నలుగురం స్నోక్వాల్మీ పాస్ కొండల్లో ఉన్న స్నో లేక్‌కి నడిచి వెళ్దామనుకుంటున్నాం. మంచులో కూరుకుపోకుండా కాళ్లకు కట్టుకునే స్నోషూలు అద్దెకు తీసుకున్నాం. ఎండ కాస్తుందట. ఇంకేమైనా జాగ్రత్తలు తీసుకోవాలా?

◆

తమ్ముడూ, ఈ వారం మానుకో. ఎండాకాలంలో అది పిల్లల్ని వెంటేసుకుని వెళ్లే దారే. చలికాలంలో మాత్రం అవలాంచ్‌లు, అంటే కొండ మీది మంచు ఒక్కసారిగా జారిపడేవి, దిగే వాలుల కిందుగా పోతుంది.

ఎండ అన్నావే, నేను మోసపోయింది అక్కడే. రెండేళ్ల కిందట ఒక గురువారం రాత్రంతా మంచు పడింది. శనివారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆ దారి మొదలయ్యే ఆల్పెంటల్ దగ్గర పార్కింగ్ నిండిపోయింది. ముందు వెళ్లినవాళ్ల అడుగులున్నాయి కదా అని మేమూ నడిచాం. కాసేపటికి కాళ్ల కింద 'బుఫ్' మంది. నా స్నోషూ దగ్గర నుంచి వెంట్రుకంత పగులు పది అడుగులు పాకింది. మేం దాన్ని ఫోటో తీశాం! వెనకాల వస్తున్న పెద్దాయన అది చూసి, నోరెత్తకుండా వెనక్కి రమ్మని చేత్తో సైగ చేశాడు.

ఆ చప్పుడూ పగులూ మంచు జారబోతోందని హెచ్చరిక. ఎలాగంటావా, బల్ల మీద ఆవాలు పోసి, వాటి మీద పలక పెట్టి, బల్లను ఒక వైపు ఎత్తి చూడు. పాత మంచు మీద పలుకులు పలుకులుగా ఉండే బలహీనమైన పొర ఆ ఆవాలు. కొత్తగా పడ్డదీ, గాలి తెచ్చి పోసిందీ పైన పలక. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆ పలక జారడానికి మనిషి బరువు చాలు. నువ్వు చదునుగా ఉన్న చోట నిలబడ్డా పైన వాలుంటే లాభం లేదు.

ఇక్కడ వానతో ఇంకో తంటా. 1910 మార్చి 1న స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో, రోజుల తరబడి మంచు కురిసి ఆపై వాన పడ్డాక, కొండవాలు జారి రెండు రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు.

బయల్దేరే ముందు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సైట్‌లో స్నోక్వాల్మీ పాస్ చూడు. ప్రమాద స్థాయిలు ఐదు. ఆరెంజ్ రంగులో మూడు కనిపిస్తే 'మధ్యస్థమేలే' అనుకోకు. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ స్థాయి రోజుల్లోనే.

◆

బీకన్ (పూడిపోయినవాళ్లు ఎక్కడున్నారో సిగ్నల్‌తో చూపేది), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార అందరి దగ్గరా ఉండాలి. వాడటం రాకపోతే అవి ఉత్త మోత. పూడిపోయినవాణ్ణి పక్కనున్నవాళ్లే పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీయాలి, 911 ఎమర్జెన్సీ వాళ్లు వచ్చేదాకా ప్రాణం ఆగదు. మంచు చూడాలనే సరదా అయితే గోల్డ్ క్రీక్ పాండ్‌కి వెళ్లు బాబూ, చదునుగా ఉంటుంది. చెరువు దాటి లోయలోకి మాత్రం పోవద్దు. చలికాలంలో అక్కడ కారు పెట్టడానికి స్నో పార్క్ పర్మిట్ ముందే కొనుక్కో, లేకపోతే ఫైన్ వేస్తారు.

◆

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. స్నోషూల డబ్బు వెనక్కివ్వరట, చెరువు దగ్గరే వాడేస్తాం. కారులో ఒక సీటు ఖాళీ ఉంది, పులిహోర నేను తెస్తా.