బ్యాక్‌ప్యాకింగ్ చివర్లో పెద్ద నగరంలో రెండున్నర రోజులు: నలుగురం ఎలా సర్దుకోవాలి?

కాలిబాట (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నలుగురు స్నేహితులం, చాలా వారాల ప్రయాణం చివర్లో ఒక మహానగరం చేరబోతున్నాం. 12న మధ్యాహ్నం దిగుతాం. ఇద్దరి ఫ్లైట్ 15న 00:40కి, మిగతా ఇద్దరిది 15న ఉదయం 6:00కి. హాస్టల్‌లో 12, 13, 14 మూడు రాత్రులకీ నాలుగు బెడ్లు తీసుకున్నాం. ఒక్కొక్కరి దగ్గరా 60 లీటర్ల బ్యాగు ఉంది, పైగా రెండు టెంట్లు, ఒక గ్యాస్ స్టవ్. అందరికీ కాళ్లు అలిసిపోయి ఉన్నాయి. చూడాల్సిన చోట్ల జాబితా ఎవరిది వాళ్లకుంది. బ్యాగులు ఎక్కడ పెట్టాలి, ఏం చూడాలో ఎలా తేల్చుకోవాలి, ఉమ్మడి ఖర్చుల లెక్క ఎప్పుడు తెంచుకోవాలి? నగరం పేరు కావాలనే రాయలేదు, ఎక్కడైనా పనికొచ్చే పద్ధతి చెప్పండి.

మూటాముల్లె:
కాలిబాట గారూ, ముందు మీ తేదీలు చూడండి. 15న 00:40 అంటే 14 రాత్రి. వాళ్లిద్దరూ 14న రాత్రి 9:40కల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఈ ఒక్క సంగతి దగ్గరే చాలామంది పొరబడతారు: టికెట్ మీద 15 అని చూసి 15 రాత్రి బయల్దేరతారు, అప్పటికి ఫ్లైట్ వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అవుతుంది. ఫోన్ క్యాలెండర్‌లో ఫ్లైట్ టైమ్ కాకుండా "14, రాత్రి 7:30, హాస్టల్ నుంచి బయల్దేరాలి" అని రాసుకోండి.

6:00 ఫ్లైట్ వాళ్లు తెల్లవారుజామున 3కి అక్కడ ఉండాలి. అంటే 14 రాత్రి మీకు నాలుగు బెడ్లు అక్కర్లేదు. రెండు రద్దు చేసుకోండి, రెండు ఉంచుకోండి. ఆ రెండిటి పుణ్యాన 14న పగలంతా స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి, కాసేపు నడుం వాల్చడానికి ఒక చోటు ఉంటుంది. ఖాళీ చేసిన ఇద్దరి బ్యాగులు హాస్టల్ లగేజీ గదిలో పెట్టనిస్తారా, ఆ గది రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది అన్నది దిగిన రోజే అడగండి.

వీసా గడువు కూడా ఇలాగే మెలిక పెడుతుంది. చాలా దేశాల్లో అడుగుపెట్టిన రోజు మొదటి రోజు కిందే లెక్క. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి, వచ్చిన రోజూ వెళ్లే రోజూ రెండూ అందులో కలుస్తాయి. మీ గడువు 14తో అయిపోతుంటే, 00:40 ఫ్లైట్ వాళ్లు అర్ధరాత్రి దాటకముందే ఇమిగ్రేషన్ కౌంటర్ దాటాలి. 6:00 ఫ్లైట్ వాళ్లకు మాత్రం ఆ గడువు చాలదు. ఇప్పుడే సరిచూసుకోండి.

ఇంకోటి, ఎయిర్‌పోర్టు పేరు. లండన్, టోక్యో, బ్యాంకాక్ లాంటి నగరాలకు ఒకటికి మించి ఎయిర్‌పోర్టులున్నాయి. టోక్యోలో హనేదా నగరంలోనే ఉంటుంది, నరీతా మాత్రం నగరానికి చాలా దూరం. నగరం పేరు చూసి సరిపెట్టుకోకుండా టికెట్ మీద మూడక్షరాల కోడ్, దాని పక్కన టెర్మినల్ నంబరు చూడండి. రెండు జట్లవీ వేర్వేరు ఫ్లైట్లు కాబట్టి ఎయిర్‌పోర్టులు కూడా వేరై ఉండొచ్చు.

లాకర్ తాళం:
బ్యాగుల గురించి నేను చెప్తాను. హాస్టల్ కుదరకపోతే స్టేషన్ లాకర్లు, కౌంటర్‌లో మనిషి తీసుకునే లగేజీ గదులు, యాప్‌లో బుక్ చేసుకుంటే బ్యాగు దాచిపెట్టే దుకాణాలు ఉంటాయి. 60 లీటర్ల బ్యాగు నిండితే ఎత్తు 70 సెంటీమీటర్లు దాటుతుంది. చిన్న లాకర్‌లో పట్టదు, మధ్య సైజులో కూడా పైజేబు, నడుం పట్టీ అడ్డం వస్తాయి. లాకర్ కొలతలు సెంటీమీటర్లలో చూసుకుని వెళ్లండి. పెద్ద లాకర్లు ప్రతి స్టేషన్‌లోనూ కొన్నే ఉంటాయి, ఉదయమే నిండిపోవచ్చు.

అద్దె లెక్క ముందే చదవండి. కొన్నిచోట్ల 24 గంటలకు తీసుకుంటారు, కొన్నిచోట్ల తేదీ మారగానే రెండో రోజు అద్దె పడుతుంది. సాయంత్రం 6కి పెట్టి మర్నాడు ఉదయం 8కి తీస్తే రెండు రోజుల డబ్బు అన్నమాట. రసీదు, లాకర్ నంబరు, ఏ ద్వారం పక్కన ఉందో తెలిసేలా చుట్టుపక్కల ఫోటో, ఈ మూడూ నలుగురి ఫోన్లలోనూ ఉండాలి. కోడ్ ఒక్కరి దగ్గరే ఉండి ఆ ఫోన్ చార్జింగ్ అయిపోతే నలుగురూ ఇరుక్కుంటారు. పాస్‌పోర్టు, డబ్బు, మందులు, కెమెరా మెమరీ కార్డులు మాత్రం ఒంటి మీదే ఉండాలి.

పెద్ద బ్యాగుతో మ్యూజియానికి వెళ్లి అక్కడి క్లోక్‌రూమ్‌లో పెట్టేద్దాం అనుకోవద్దు. చాలాచోట్ల సూట్‌కేసు, పెద్ద బ్యాక్‌ప్యాక్ సైజు దాటితే క్లోక్‌రూమ్‌లో కూడా తీసుకోరు. టైమ్ స్లాట్ టికెట్ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోవాల్సి వస్తుంది.

కాలిబాట:
చాలా థాంక్స్. రెండు బెడ్లు రద్దు చేస్తున్నాం. స్టవ్, టెంట్ల సంగతేంటి? బట్టలు ఎప్పుడు ఉతుక్కోవాలి?

మూటాముల్లె:
రెండూ 12న సాయంత్రమే. ఆ పూట నగరం చూడాలని పెట్టుకోవద్దు, అది పనుల పూట. అది వదిలేసి నేరుగా తిరగడం మొదలుపెడితే 14న మధ్యాహ్నం, తిరగాల్సిన వేళలో, తడిబట్టలతో కుస్తీ పడతారు.

గ్యాస్ క్యానిస్టర్ నిండుదైనా, వాడినదైనా, ఖాళీదైనా విమానం ఎక్కదు. క్యాబిన్‌లోకీ రానివ్వరు, చెక్-ఇన్‌లోకీ రానివ్వరు. హాస్టల్లో తర్వాత వచ్చేవాళ్లకు ఇచ్చేయండి, లేదా ప్రమాదకర చెత్త తీసుకునే చోట అప్పగించండి. స్టవ్ బర్నర్‌ను కడిగి, ఆరబెట్టి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోవచ్చు. అయితే ఎయిర్‌లైన్ నియమం ఒకసారి చదవండి, ఇంధనం వాసన వస్తే ఆపేస్తారు. టెంటు మేకులు, ట్రెక్కింగ్ కర్రలు, చాకు చెక్-ఇన్‌లోకే.

పవర్ బ్యాంక్ దీనికి పూర్తిగా తిరగేసి: క్యాబిన్‌లోనే ఉండాలి. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్ల వరకు మామూలుగా అనుమతి ఉంటుంది, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. లెక్క తేలికే: మిల్లీ ఆంపియర్-అవర్లను 3.7తో హెచ్చవేసి 1000తో భాగించండి. 20,000 ఉన్నది 74 వాట్-అవర్లు అవుతుంది, పర్లేదు. 30,000 ఉన్నది 111, అడిగి తీరాలి. వారాల తరబడి బ్యాగులో రాసుకుని పైన అచ్చు చెరిగిపోయి ఉంటే కొన్నిచోట్ల భద్రతా తనిఖీలో పక్కన పెట్టేస్తారు, కాబట్టి ఎన్ని వాట్-అవర్లో చూసేటప్పుడు అంకెలు చదవగలిగేలా ఉన్నాయా అన్నది కూడా చూడండి.

టెంటు తడిగా మడిచి ఉంటే విప్పి ఆరేయండి. బరువూ తగ్గుతుంది, బూజూ పట్టదు. బూట్ల మట్టి బ్రష్‌తో గీకి కడగండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి దేశాల్లో వాడిన ట్రెక్కింగ్ బూట్లు, టెంట్లు ఉన్నాయని ఫారంలో రాసి చూపించాలి, మట్టి ఉంటే అక్కడ ఆపుతారు.

ఉతకడానికి నలుగురివీ కలిపి రెండు మెషిన్లు చాలు. ఉతుకు అరగంట నుంచి ముప్పావు గంట, డ్రయ్యర్ ఇంచుమించు గంట. అన్ని హాస్టళ్లలో పడుకున్నాక నల్లుల అనుమానం ఎలాగూ ఉంటుంది. బట్ట తట్టుకునేదైతే డ్రయ్యర్‌ను ఎక్కువ వేడి మీద కనీసం అరగంట తిప్పండి, నల్లులు, గుడ్లు చస్తాయి. తీసిన వెంటనే కొత్త ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టేయండి. మళ్లీ ఉతకని బ్యాగులో విడిగా పడేస్తే చేసినదంతా వృథా.

నడక మేలు:
ఏం చూడాలన్న దానికి నా సలహా. జాబితాలు నాలుగూ ఒకదానితో ఒకటి కలపకండి. ఒక్కొక్కరు "ఇది చూడకుండా వెళ్తే బాధపడతాను" అనేది ఒక్కటే చెప్పాలి. నాలుగు చోట్లు వస్తాయి. వాటిని మ్యాప్ మీద పెట్టి చూస్తే రెండో మూడో దగ్గరదగ్గరగా పడతాయి. 13 ఉదయం, 13 సాయంత్రం, 14 ఉదయం: మొత్తం మూడు పూటలు. పూటకొక పేట. ఒక పేట నుంచి ఇంకో పేటకు రోజుకు ఒక్కసారే మారండి. పెద్ద నగరంలో రైలు పది నిమిషాలే అయినా, మెట్లు దిగి, ప్లాట్‌ఫారం వెతికి, మారి, సరైన ద్వారం నుంచి బయటపడేసరికి నలభై నిమిషాలవుతుంది. రోజు మొత్తం తినేసేది ఇదే.

టికెట్ కొనేముందు సెలవు రోజు చూడండి. చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు, పారిస్‌లో లూవ్ర్‌కు మంగళవారం. మూసే వేళ 6 అని ఉంటే చివరి ప్రవేశం అరగంట నుంచి గంట ముందే ఆగిపోతుంది, లోపల గదులు మూసే వేళకు ముందే ఖాళీ చేయించడం మొదలుపెడతారు. ఉచిత ప్రవేశం రోజున వరుసలో నిలబడే శక్తి మీ కాళ్లకు లేదు, డబ్బు పెట్టి ఉదయం మొదటి స్లాట్ తీసుకోండి.

కాళ్ల విషయంలో, కొండ మీద నడిచిన కాళ్లకు కాంక్రీటు ఏపాటి అనుకోకండి. మట్టి బాటలో ప్రతి అడుగూ వేరుగా పడుతుంది, చదునైన గట్టి నేల మీద అదే చోట అదే ఒత్తిడి వేలసార్లు పడుతుంది. మ్యూజియంలో ఇంకా కష్టం, నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. బరువైన బూట్లు హాస్టల్‌లో వదిలి మెత్తటి షూస్ వేసుకోండి. ఎక్కడైనా మంటగా అనిపిస్తే బొబ్బ లేవకముందే ఆగి టేప్ అతికించండి. లేచిన బొబ్బను చిదమకండి. మధ్యాహ్నం సాక్స్ మార్చండి. ప్రతి రెండు గంటలకు ఇరవై నిమిషాలు కూర్చోండి.

ప్రసిద్ధమైన చోట్లకు వెళ్లే దారిలో ఎవరైనా ఎదురొచ్చి "ఇవాళ మూసేశారు, ఇంకోచోటు చూపిస్తాను" అంటే ఆగకండి. టికెట్ కౌంటర్ దాకా నడిచి మీ కళ్లతో చూసుకోండి.

పాస్ లెక్క:
నడక మేలు గారు చెప్పిన పద్ధతి పాటిస్తే డే పాస్ కొనడం అనవసరం అనిపిస్తోంది. రోజుకు ఒక్కసారే పేట మారితే మూడు నాలుగు ప్రయాణాలకు మించవు. పాస్ ధరను ఒక్క టికెట్ ధరతో భాగించండి. ఐదు వస్తే, ఐదుకు మించి తిరిగితేనే లాభం. 24 గంటల పాస్ అయితే మొదట వాడిన క్షణం నుంచి లెక్క, రోజు పాస్ అయితే సేవలు ముగిసేదాకానే. సాయంత్రం 4కి రోజు పాస్ కొనడం దండగ. ఎయిర్‌పోర్టు లైన్ పాస్‌లో ఉందో లేదో వేరేగా చూడాలి, చాలాచోట్ల ఉండదు.

బ్యాంక్ కార్డు తాకించి వెళ్లే నగరాల్లో ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు కావాలి. రోజంతా అదే వాడాలి. ఉదయం కార్డు, సాయంత్రం అదే కార్డు ఉన్న ఫోన్ తాకిస్తే లండన్ లాంటి చోట రెండు వేర్వేరు ప్రయాణికుల కింద లెక్క పడుతుంది, రోజుకు ఇంతకు మించి తీసుకోరు అనే గరిష్ఠ చార్జీ లాభం పోతుంది.

నడక మేలు:
ఒప్పుకుంటాను, ఒక్క మినహాయింపుతో. బాగా అలిసినవాళ్లకు మూడు స్టాపుల దూరం కూడా ఎక్కి దిగే వీలుంటే పాస్ పనికొస్తుంది. నలుగురూ ఒకేలా కొనాలని లేదు.

కాలిబాట:
13 సాయంత్రం ఇద్దరిద్దరుగా విడిపోదామనుకుంటున్నాం. ఇబ్బందా? డబ్బు లెక్క గురించి కూడా ఎవరైనా చెప్పండి.

పాస్ లెక్క:
విడిపోవడం మంచిదే. వారాల తరబడి ఒకే గదిలో ఉన్నవాళ్లకు ఒక పూట దూరంగా తిరగడం హాయినిస్తుంది. కాకపోతే కలిసే చోటు "స్టేషన్ దగ్గర" అని కాకుండా "ఫలానా ద్వారం లోపల, టికెట్ మెషిన్ల పక్కన" అన్నంత కచ్చితంగా ఉండాలి. ఇరవై నిమిషాలు చూసి రాకపోతే హాస్టల్‌కు వెళ్లిపోవాలని ముందే అనుకోండి. హాస్టల్ పేరు, చిరునామా ఆ ఊరి లిపిలో కాగితం మీద రాయించుకుని నలుగురూ జేబులో పెట్టుకోండి.

లెక్క 13 రాత్రి తెంచండి. 14న తొందర, ఇళ్లకు చేరాక బద్ధకం. ఎవరు ఎవరికి ఏ రోజు ఎంత ఇచ్చారో తవ్వొద్దు, ఒక్కొక్కరి నికరం చాలు. ఉదాహరణకు ఉమ్మడి ఖర్చు 2,400, తలా వాటా 600. పెట్టినవి 1,100, 700, 400, 200 అయితే మొదటివారికి 500, రెండోవారికి 100 రావాలి. మూడోవారు 200, నాలుగోవారు 400 ఇవ్వాలి. నాలుగోవారు మొదటివారికి 400, మూడోవారు మొదటివారికి 100, రెండోవారికి 100. మూడు చెల్లింపులతో అయిపోతుంది, నలుగురికి మూడుకు మించి ఎప్పుడూ అక్కర్లేదు. ఏటీఎంలో తీసిన నగదుకు ఇంటర్నెట్‌లో కనిపించే మారకం రేటు వేయకండి. బ్యాంకు ఖాతాలో నిజంగా తగ్గిన మొత్తాన్ని, చార్జీలతో సహా, చేతికొచ్చిన నగదుతో భాగిస్తే వచ్చే రేటే న్యాయం. కార్డు మెషిన్ "మీ దేశం కరెన్సీలో చెల్లిస్తారా" అని అడిగితే వద్దనండి, ఆ ఊరి కరెన్సీనే ఎంచుకోండి. మొదటి దాంట్లో మారకం రేటు వాళ్లు పెట్టిందే పడుతుంది.

నాణేలు మారకం కౌంటర్లలో మామూలుగా తీసుకోరు. హాస్టల్ బాకీలోనో, ట్రాన్సిట్ కార్డు రీచార్జిలోనో ముందే ఖర్చుపెట్టేయండి. కార్డుకు డిపాజిట్ కట్టి ఉంటే ఏ స్టేషన్‌లో, ఎన్నింటిదాకా తిరిగి ఇస్తారో కనుక్కోండి.

మూటాముల్లె:
కొనేవి 13న కొనండి, అప్పుడే బరువు తూచి 14న మళ్లీ సర్దుకునే వీలుంటుంది. 100 మి.లీ. దాటిన ద్రవాలన్నీ చెక్-ఇన్‌లోకి. పన్ను వాపసు తీసుకునేవి వాడకుండా బ్యాగు పైభాగంలో పెట్టండి, చాలాచోట్ల బ్యాగు ఇచ్చేయకముందే కస్టమ్స్‌కు చూపించాలి. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే అదనపు డబ్బు కట్టినా మామూలుగా తీసుకోరు, కాబట్టి రెండు టెంట్లూ ఒకే బ్యాగులో కుక్కకండి. వేలాడే పట్టీలన్నీ లోపలికి దోపి కట్టండి, కన్వేయర్‌లో చిక్కుకుని తెగేవి అవే.

కాలిబాట:
చివరి సందేహం. 6:00 ఫ్లైట్ ఇద్దరూ మొదటి ఇద్దరితోపాటే రాత్రే ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోతే మేలా, హాస్టల్‌లో పడుకుని వెళ్తే మేలా?

లాకర్ తాళం:
రెండు సంగతులు చూసి తేల్చుకోండి. ఆ టెర్మినల్ రాత్రంతా తెరిచి ఉంటుందా? కొన్ని ఎయిర్‌పోర్టుల్లో అర్ధరాత్రి తర్వాత ప్రయాణికులను బయటికి పంపేస్తారు. ఉన్నా, చెక్-ఇన్ కౌంటర్ తెరిచేదాకా పెద్ద బ్యాగులతో బయటి హాల్లోనే కూర్చోవాలి. తెల్లవారుజామున 2 గంటలకు రైలో నైట్ బస్సో ఉందా? చాలా నగరాల్లో మెట్రో ఆ వేళకు నడవదు. బస్సు ఉంటే హాస్టల్‌లో రాత్రి 8 నుంచి 1:30 దాకా పడుకుని వెళ్లండి, అందుకే ఆ రెండు బెడ్లు. బస్సు లేకపోతే ట్యాక్సీని 13నే మాట్లాడి పెట్టుకోండి, అప్పుడు కూడా పడుకోవచ్చు. రిసెప్షన్ రాత్రి ఉండని హాస్టల్ అయితే తాళాలు ఎక్కడ వదిలి వెళ్లాలో 14 సాయంత్రమే అడిగి, డిపాజిట్ వెనక్కి తీసుకోండి.