హరికేన్ తోకపై వెండి పెచ్చులు వేయవచ్చా? వెదరింగ్ (నమూనాను పాతబరచడం)పై చర్చ

బ్రాడీపేట, గుంటూరు:

సభ్యులందరికీ నమస్కారం. రెండు నెలలుగా 1/48 కొలతలో (అసలుకు 48వ వంతు) ఒక హాకర్ హరికేన్ మార్క్ 2 యుద్ధ విమానపు నమూనాను కడుతున్నాను. 1944లో స్క్వాడ్రన్ లీడర్ అర్జన్ సింగ్ నాయకత్వంలో ఇంఫాల్‌లో పోరాడిన మన వైమానిక దళపు ఒకటో స్క్వాడ్రన్ విమానంగా దీనిని చూపాలన్నది నా సంకల్పం. పైన ఆకుపచ్చ, మట్టి రంగులు, కింద బూడిద రంగు వేసి, జపాను విమానాల సూర్యబింబంతో పొరపడకుండా ఎరుపును తొలగించిన ఆనాటి నీలి గుర్తులను అంటించాను. ఆ తరువాత రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలలో పలుచని నల్లని ఆయిల్ రంగు (వాష్) నింపి, స్పాంజి ముక్కతో ముక్కు నుంచి తోక వరకు అక్కడక్కడా వెండి రంగు అద్ది, పెయింటు పెచ్చులూడినట్లు చేశాను.

పోయిన ఆదివారం విజయవాడలో మిత్రులకు చూపిస్తే ఒకరు ప్రదర్శనకు పెట్టవచ్చునన్నారు. మరొకరు మాత్రం చక్కని విమానాన్ని పాడుచేశానన్నారు. మెరుపు లేని పైపూత, అంటే మ్యాట్ వార్నిష్ ఇంకా కొట్టలేదు కనుక దిద్దుకునే వీలుంది. యుద్ధ విమానపు నమూనాను ఎంతవరకు పాతబరచాలి? అసలు పాతబరచాలా? కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పటమట, విజయవాడ:

పాడుచేశారన్నది నేనే. ఆ మాట కటువుగా వచ్చినందుకు మన్నించండి, కానీ అభిప్రాయం మారలేదు.

మీ కిట్టులో ప్యానెల్ గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 48తో గుణిస్తే దాదాపు ఒక సెంటీమీటరు అవుతుంది. రేకుకూ రేకుకూ నడుమ సెంటీమీటరు సందు ఉన్న విమానం ఎగరదు. ఆ సందును మళ్లీ నల్లరంగుతో నింపితే రెక్క రెక్కలా ఉండదు, సిమెంటు పూసిన గచ్చు బండల్లా ఉంటుంది. ఇంకొక లెక్క చూడండి. మీ నమూనా రెక్కల వెడల్పు సుమారు 25 సెంటీమీటర్లు. దానిని బల్లమీద పెట్టి 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 29 మీటర్ల దూరం నుంచి చూసినట్లు. అంత దూరం నుంచి గోరంత పెచ్చు ఎవరి కంటికి ఆనుతుంది?

పైగా విమానానికి మురికి, గరుకుతనం వేగాన్ని తగ్గించే శత్రువులు. వాటిని తుడిచి, కడిగి, రంగు పోయినచోట మళ్లీ పూయడం నేలమీది సిబ్బందికి నిత్యకృత్యం. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఈమధ్య ఏ విమానాన్ని చూసినా ఒకే మోస్తరు పెచ్చులు, ఒకే మోస్తరు తుప్పు మరకలు కనిపిస్తున్నాయి. అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదన్న సంగతిని కూడా మరచిపోతే ఇక మనం కడుతున్నది ఏమిటి?

అరండల్‌పేట, గుంటూరు:

పటమట వారి అనుభవం పట్ల గౌరవం ఉంచుతూనే గట్టిగా విభేదిస్తున్నాను.

1944 మార్చి చివర జపాను సేనల వల్ల కోహిమా దారి తెగిపోయిన నాటి నుంచి జూన్ 22న తిరిగి తెరుచుకునే వరకు ఇంఫాల్‌కు తిండి, మందుగుండు, పెట్రోలు అన్నీ గాలిలోనే వచ్చాయి. ఆ రోజులలో సగం వానాకాలం. బురద నేలమీద దిగి, మళ్లీ బాంబులు తగిలించుకుని లేచే విమానాన్ని అద్దంలా తోమి పెట్టుకునే తీరిక ఎవరికి ఉంటుంది? అటువంటి విమానాన్ని దుకాణపు అద్దాల బీరువాలోని బొమ్మలా చూపితే ఆ మెకానిక్కుల కష్టాన్నే తుడిచివేసినట్లవుతుందని నా బాధ. నమూనాను చూసేవారు 60 సెంటీమీటర్ల దూరంలో నిలబడతారన్నది కూడా సరికాదు. పాఠశాల పిల్లలకు చూపినప్పుడు వాళ్లు ముక్కు ఆనించి మరీ చూస్తారు.

నేనైతే చక్రాలకు అమరావతి దారిలో ఒక పొలం నుంచి తెచ్చిన మట్టిని జల్లించి, జిగురు నీటితో కలిపి పూస్తాను. నిజమైన మట్టికి సాటి వచ్చే రంగు లేదు.

గవర్నరుపేట, విజయవాడ:

ఇద్దరి మాటల్లోనూ ఒక సంగతి తప్పిపోయిందని అనిపించి రాస్తున్నాను. పాతబరచాలా వద్దా అని అడిగే ముందు, ఆ రంగు కింద ఏముందని అడగాలి.

హరికేన్‌లో ఇంజను చుట్టూ ఉన్న కవచాలు, ఆ కాలపు రెక్కలు అల్యూమినియం రేకు. పైలటు గదికి వెనక భాగం అలా కాదు. లోపల లోహపు గొట్టాల చట్రం, దానిమీద ఆకృతి కోసం చెక్క బద్దలు, ఆ బద్దలమీద లాగి కట్టిన నారగుడ్డ, గుడ్డ బిగుసుకోవడానికి పొరలు పొరలుగా పూసిన డోపు అనే వార్నిష్ లాంటి పూత. తోక రెక్కలు, చుక్కాని కూడా గుడ్డ కప్పినవే. మీ నమూనా వెనక భాగంలో పొడవునా సాగే సన్నని గట్లు ఆ బద్దల ఆనవాళ్లే. కాబట్టి అక్కడ రంగు ఎంత గీసుకుపోయినా మెరిసే లోహం బయటపడదు. బ్రాడీపేట వారు తోకమీద అద్దిన వెండి పెచ్చులు ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నే లేదు, అవి ఉండడానికి వీలులేదు. చెక్కతో కట్టిన డి హావిలాండ్ మస్కిటోపై వెండి పెచ్చులు వేసిన నమూనాలు చూసినప్పుడు కూడా నాకు ఇదే బాధ కలుగుతుంది.

అలాగని పెచ్చులన్నీ అబద్ధం కావు. ఇంఫాల్ ఆకాశంలో మన హరికేన్లకు ఎదురైన జపాను విమానం నకజిమా కీ-43 హయబుసాను తీసుకోండి. అది లోహపు విమానం. ప్రైమరు (అడుగు పూత) లేని రేకుపై ఆకుపచ్చ వేసిన విమానాలకు రంగు పొలుసుల్లా ఊడిపోయేది. ఒకే ఏడాది, ఒకే వానలు, ఒకే ఆకాశం. అయినా ఒకదాని పాతబడే తీరు మరొకదానికి లేదు.

మా తాతగారు ఆ యుద్ధకాలంలో వైమానిక దళంలో ఫిట్టరుగా పనిచేశారు. రంగుల గురించి ఆయన పెద్దగా చెప్పింది లేదు. గుడ్డ చిరిగితే ఏం చేసేవారో మాత్రం పదేపదే చెప్పేవారు. చిరుగును ముందు సూదితో కుట్టి, దానిమీద అంచులు పీచు తీసిన గుడ్డముక్కను డోపుతో అంటించి, ఆరాక పైన రంగు పూసేవారట. ‘చొక్కాకు మాసిక వేసినట్టేరా’ అనేవారు. చుట్టూ ఎండకు వెలిసిన పాత రంగు, నడుమ మాసిక మీద కొత్త రంగు. హరికేన్ తోకమీద యుద్ధం మిగిల్చిన గుర్తు ఏదైనా ఉంటే అది మాసిక. అరండల్‌పేట వారు కోరిన మెకానిక్కు కష్టం కూడా అక్కడే కనిపిస్తుంది.

మట్టి సంగతి కూడా ఒక్కమాట. జల్లించిన మట్టిలోనైనా 0.1 మిల్లీమీటరు రేణువు ఈ కొలతలో దాదాపు 5 మిల్లీమీటర్ల గులకరాయి. పైగా మన నల్లరేగడి మణిపురానికి ఎలా వెళుతుంది? గరుకు కాగితంపై అరగదీసిన రంగు సుద్దపొడి ఇంతకంటే నిజంగా కనిపిస్తుంది.

పటమట, విజయవాడ:

గవర్నరుపేట వారు చెప్పినది శిరోధార్యం. నేను కొలతతో వాదించాను, వారు పదార్థంతో వాదించారు. వారి వాదమే బలమైనది.

ఫొటోలను చూసి పాతబరిచేవారికి మాత్రం ఒక హెచ్చరిక. ఆనాటి నలుపు తెలుపు ఫొటోలలో కొన్ని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముతో తీసినవి. ఆ ఫిల్ముకు ఎరుపు కనిపించదు, అందువల్ల ఎరుపు, పసుపు నల్లగా, నీలం తెల్లగా పడతాయి. అలాంటి ఫొటోలో నల్లమచ్చ కనిపించగానే నూనె మరక అని తీర్మానించడం తొందరపాటు. ఇక బ్రాడీపేట వారికి ఒక మనవి. ఈ ముసురులో మ్యాట్ వార్నిష్ కొట్టకండి. గాలిలో తేమ ఉంటే అది తెల్లగా పొగచూరినట్లు బిగుసుకుంటుంది. నిరుడు ఆగస్టులో నా స్పిట్‌ఫైర్ విమానపు నమూనా ఒకటి అలాగే పోయింది.

అరండల్‌పేట, గుంటూరు:

తోక విషయంలో, మట్టి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెక్క మొదలు విషయంలో తీసుకోను. పైలటు ఎడమ పక్క మెట్టు మీదుగా అక్కడికే ఎక్కుతాడు, పెట్రోలు ట్యాంకులు అక్కడే ఉన్నాయి, తుపాకుల పనివాళ్లు బూట్లతో రెక్కపైకి ఎక్కుతారు. అది రేకు. అక్కడ రంగు అరగడం సహజం. ఎగ్జాస్టు గొట్టాల వెనక సాగిన మసి చార కూడా ఉండితీరాలి. దానిని ఎంత తుడిచినా మరుసటి ఎగురుడుకు మళ్లీ పడుతుంది.

పటమట, విజయవాడ:

రెక్క మొదలుకు, మసి చారకు ఒప్పుకుంటున్నాను. ప్యానెల్ గీతలలో నలుపుకు మాత్రం ఎప్పటికీ ఒప్పుకోను. గీత కనిపించాలనుకుంటే పక్కన ఉన్న రంగునే ఒక ఛాయ ముదురు చేసి నింపండి.

బ్రాడీపేట, గుంటూరు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి టర్పెంటైన్‌లో ముంచిన దూదిపుల్లలతో గీతలలోని నలుపును చాలావరకు తీశాను. కింద మెరిసే గ్లాసీ వార్నిష్ పొర ఉండడం వల్ల రంగుకు దెబ్బ తగలలేదు. తోకమీది వెండిని నున్నని గరుకు కాగితంతో తీసి, అక్కడ మళ్లీ ఆకుపచ్చ, మట్టి రంగులు వేశాను. రెక్క మొదలు వద్ద పెచ్చులను సగానికి తగ్గించి ఉంచాను.

మాసికలకు మొదట కాగితం ముక్కలు కత్తిరించి చూశాను. కాగితం 0.1 మిల్లీమీటరు మందం, అంటే ఈ కొలతలో తివాచీ అంటించినంత. అందుకని గుర్తులు అంటించగా మిగిలిన డెకాల్ (నీటితో అంటించే బొమ్మలు) షీటు అంచులలోని రంగులేని పొరను చిన్న చతురస్రాలుగా కోసి, ఎడమ వైపు గుర్తుకు వెనక రెండు, చుక్కాని దగ్గర ఒకటి అంటించాను. వాటిపై అదే ఆకుపచ్చను, పక్కదానికంటే కొంచెం ముదురుగా, సన్నని కుంచెతో పూశాను. ముసురు తగ్గాక వార్నిష్ కొట్టి విజయవాడ తెస్తాను. గవర్నరుపేట వారు ముందుగా ఆ మాసికలను చూసి, వాటి పరిమాణం సరిపోయిందో లేదో చెప్పాలి.