వాన రోజున తగిలించి, ఎండ రోజున తీసేసే మడ్‌గార్డులు: వాడినవాళ్లు చెప్పండి

చినుకు:
మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వారంలో రెండు మూడు రోజులు సైకిలు మీదే వెళ్తాను. హైబ్రిడ్ సైకిలు, 35 మిల్లీమీటర్ల టైర్లు, డిస్కు బ్రేకులు. కొన్నప్పుడే మడ్‌గార్డులు లేవు. మొన్న మంగళవారం వాన పూర్తిగా వెలిశాకే బయలుదేరాను, ఒక్క చినుకూ నా మీద పడలేదు. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన వెనక నుంచి చూసి, "సార్, మీ వీపు మీద ఎవరో గీత గీశారు" అన్నారు. నడుము నుంచి కాలరు దాకా మట్టి చార! ఏడాదంతా బోల్టులు బిగించి ఉంచే రకం నాకు వద్దు. ఆదివారాలు సైకిలును కారులో వేసుకుని అనంతగిరి వెళ్తుంటాను, అవి అడ్డం వస్తాయి. తీసి పెట్టుకునే వాటిలో ఏది మేలు?

రెండో గేరు:
సీటు కింద ఉండే రెండు కమ్మీల మధ్య దూర్చే పల్చటి ప్లాస్టిక్ రేకు ఒకటి ఉంటుంది. స్వీడన్ నుంచి వచ్చే యాస్ సేవర్స్ ఈ రకానివే. పానా అక్కర్లేదు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. కానీ అది కాపాడేది ప్యాంటు వెనక భాగాన్నీ, కొంతవరకు నడుమునూ మాత్రమే. నేను రెండు వానాకాలాలు వాడాను. వీపు పైభాగానికి సన్నటి తుంపర వస్తూనే ఉంటుంది, బూట్ల సంగతి సరేసరి.

పాత నల్ల సైకిలు:
మా రోజుల్లో ఈ ప్రశ్నే లేదు నాయనా. ఇనప మడ్‌గార్డు, దాని చివర నేలకు జానెడు ఎత్తులో వేలాడే రబ్బరు ముక్క, ఫుల్ చైన్ కవరు. పంచె కట్టుకుని వానలో బడికి వెళ్లి పాఠం చెప్పి వచ్చేవాణ్ని. మీకు ఇంత డబ్బు పోసి కొన్న సైకిలుకు ఆ రబ్బరు ముక్క కూడా ఇవ్వలేదంటే నవ్వొస్తోంది. ఆ ముక్కను తక్కువ చేయకండి, పని చేసేది అదే.

బీచ్ రోడ్డు:
మాష్టారి మాట నిజం. విశాఖలో నేను సీటు గొట్టానికి పట్టీతో బిగించే పొడవాటి రకం వాడుతున్నాను. వీపుకు ఇదే బాగుంటుంది. చిక్కల్లా గుంటల దగ్గర. నాలుగు గుంటలు దాటేసరికి మడ్‌గార్డు పక్కకు తిరిగిపోయి, టైరు ఒకవైపు, అది ఒకవైపు. పాడైన ట్యూబు నుంచి రెండు అంగుళాల ముక్క కోసి, గొట్టం చుట్టూ చుట్టి, దాని మీద పట్టీ బిగించాను. ఆ తర్వాత కదలలేదు.

కోణం సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. సైకిలు వెనక చక్రాన్ని పైకి లేపి పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. సీటు మీద పాత దినపత్రిక నిలువుగా పెట్టండి. టైరు మీద మగ్గుతో నీళ్లు పోస్తూ పెడలు గట్టిగా తిప్పండి. కాగితం మీద ఎక్కడ చుక్కలు పడితే అక్కడే మీ చొక్కా.

బ్రెవే బాబాయి:
బ్రెవేలు, అంటే పదమూడున్నర గంటల గడువులో 200 కిలోమీటర్లు ముగించాల్సిన దూరపు సవారీలు, తొక్కుతుంటాను, సగం వానలోనే. నా అనుభవం కొంచెం పొడవు, ఓపిక పట్టండి.

వీపును తడిపేది వెనక చక్రం. పాదాలను తడిపేది ముందు చక్రం. టైరు నేలను వదిలే చోట నీళ్లు వెనక్కి చిమ్ముతాయి, అక్కడే మీ బూట్లు ఉంటాయి. కాబట్టి ముందు మడ్‌గార్డు కింది దాకా దిగకపోతే పాదాలకు ఒరిగేది లేదు. ఫ్రేము కింది గొట్టానికి తగిలించే అర అడుగు రేకు గొట్టాన్ని, ముఖాన్ని కొంత కాపాడుతుంది గానీ సాక్సులను కాదు.

వెడల్పు టైరుకన్నా కనీసం 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. మీ 35 టైరుకు 45 చూడండి. రబ్బరు పట్టీలతో ఫ్రేముకు కట్టే రకం కొంటే, పట్టీ తగిలే చోట ముందుగా పారదర్శక టేపు అంటించండి. పట్టీ కింద ఇసుక చేరి రంగును గరుకు కాగితంలా గీకేస్తుంది. నా ఫ్రేముకు రెండు వైపులా తెల్లటి ఉంగరాలు పడ్డాయి, ఇక పోవు.

ముందు మడ్‌గార్డు వదులుగా ఉంటే మాత్రం అసలు తొక్కకండి. చక్రంలోకి లాక్కుపోతే చక్రం బిగుసుకుని మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. ఎస్‌కేఎస్ వంటి జర్మన్ కంపెనీల నిండు మడ్‌గార్డులకు ముందు వైపు, లాగితే ఊడిపోయే క్లిప్పులు పెట్టేది ఇందుకే.

రెండో గేరు:
బాబాయి గారూ, గుంపులో వెళ్లేటప్పుడు ముందున్నవాళ్ల పొట్టి మడ్‌గార్డు వెనకవాళ్ల నోట్లోకి నీళ్లు కొడుతుంది. ఆ మాట కూడా చేర్చండి!

బ్రెవే బాబాయి:
నా నోరు దానికి సాక్షి.

సోలార్ నీడ:
చినుకు గారూ, మీరు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాకు మీద తొక్కితే పైన సోలార్ పలకల కప్పు ఉంది కదా, ఇవన్నీ ఎందుకు?

చినుకు:
ట్రాకు దాకా చేరడానికే ఆరు కిలోమీటర్లు నీళ్ల రోడ్డు ఉంది సార్ :)

అందరికీ అప్‌డేట్. వెనక్కి సీటు గొట్టానికి బిగించే పొడవాటిది కొన్నాను, ట్యూబు ముక్క చుట్టాను. ముందుకు ఇంకా కొనలేదు. కూడలి దగ్గర ఫ్లెక్సీ షాపులో పారేసిన గట్టి ప్లాస్టిక్ షీటు ముక్క అడిగి తెచ్చి, టైరుకు సరిపడా కోసి, నాలుగు జిప్ టైలతో ఫోర్కుకు కట్టాను. గట్టిగా ఊపి చూశాను, కదల్లేదు. తీయాలంటే కత్తెర కావాలి, అదొక్కటే లోపం.

దినపత్రిక పరీక్ష మా తమ్ముడితో చేయించాను. మొదటిసారి కాగితం నిండా చుక్కలే. మడ్‌గార్డు తోకను రెండు అంగుళాలు కిందికి వంచాక కింది అంచున మూడు చుక్కలు మిగిలాయి. నిన్న జోరు వానలో వెళ్లాను. చొక్కా వీపు శుభ్రం. కుడి బూటు మాత్రం తడిసింది, ఎడమది పొడిగానే ఉంది. షీటు అడ్డంగా కోసి ఉంటానా? ఫోటో రాత్రికి పెడతాను, చూసి చెప్పండి.

పాత నల్ల సైకిలు:
చివర రబ్బరు ముక్క కట్టావా?

చినుకు:
లేదు మాష్టారూ. ఈ ఆదివారం కడతాను.