ఎండుతున్న పెరటి మామిడి: కొట్టేయాలా, ఆగాలా?

గోదారి గట్టు:
మాది రాజమండ్రి. పెరట్లో టెంక మామిడి ఉంది, మా అమ్మ నాటింది, 28 ఏళ్ల చెట్టు. పేరున్న రకం కాదు. కాయ పుల్లగా ఉంటుంది, టెంక గట్టిది, ముక్క కొడితే చెదరదు. ఇంట్లో ఆవకాయ అంతా దీనిదే. మూడేళ్ల క్రితం మా వీధి సిమెంటు రోడ్డు ఎత్తు పెంచారు. వాన నీళ్లు లోపలికి రాకుండా మేమూ పెరడంతా రెండడుగులు గ్రావెల్ మట్టి పోయించాం, చెట్టు మొదలు చుట్టూ కూడా. పోయినేడు నుంచి పడమటి కొమ్మలు చివర్ల నుంచి వెనక్కి ఎండుతూ వస్తున్నాయి. మాను మీద బంక కారుతోంది, ఒకచోట రంపపు పొట్టు లాంటిది రాలుతోంది. ఇంతా చేసి ఈ వేసవిలో ఎన్నడూ లేనంత కాసింది! అన్నయ్య కొట్టేసి కారు షెడ్డు వేద్దామంటాడు. నేను వద్దంటున్నాను. ఇది బతుకుతుందా, బతకదా?

మేడమీద తోట:
అంత కాసిందంటే బలం ఉన్నట్టే కదండీ. రంపపు పొట్టు రాలుతోందంటే కాండం తొలిచే పురుగు. కన్నం వెతికి పొట్టు తీసేసి, సన్నటి తీగ లోపలికి పెట్టి తిప్పండి. పురుగు వేలంత లావు ఉంటుంది, గుచ్చుకుంటే తెలుస్తుంది. తర్వాత పెట్రోలులో ముంచిన దూది కూరి, బంకమట్టితో మూసేయండి. మా అత్తగారింట్లో ఇలా చేస్తే చెట్టు తిప్పుకుంది. కొట్టడం ఒక్క పూట పని, పెంచడానికి 28 ఏళ్లు పట్టింది.

లెక్కల మాస్టారు:
"చెట్టు చెడేకాలానికి కుక్కమూతి పిందెలు" అని ఊరికే అనలేదు. సగం ఎండిన మాను ఇంటి పక్కన నిలబడి ఉంది. గాలివాన వస్తే ఆ కొమ్మ మీ రేకుల మీద పడుతుందా, పక్కింటి వాళ్ల పిల్లాడి మీద పడుతుందా? అంటు మొక్క తెచ్చి నాటితే నాలుగైదేళ్లలో కాపుకొస్తుంది. అమ్మ నాటిందన్న మాట నాకూ అర్థమవుతుంది, కానీ మమకారం వేరు, మాను వేరు.

మేడమీద తోట:
మాస్టారూ, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గుర్తుందా? చెదలు పట్టి కొమ్మ విరిగిపడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఊడలకు, కొమ్మలకు కింద దిమ్మలు కట్టారు. అంత పెద్ద మర్రినే వదల్లేదు, మామిడిని వదులుకోమంటారా?

అంటుకత్తి:
కడియం నర్సరీల్లో అంటు పని చేశాను. ముగ్గురూ తలో వైపు చూస్తున్నారు, చెట్టు మొదలు ఎవరూ చూడలేదు.

మొదట పిల్లలమర్రి సంగతి. ఆ సీసాల్లో ఎక్కించింది నీళ్లు కలిపిన క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు. మర్రి పండ్లు మనం తినం. మీరు మీ చెట్టు కాయలతో ఆవకాయ పెడతారు. మానులోకి మందు ఎక్కించమని ఎవరు చెప్పినా వినకండి. పాతవాళ్లు కన్నాల్లో పోసే డైక్లోర్‌వాస్ అయితే 2020 డిసెంబరు నెలాఖరు నుంచి దేశంలోనే నిషేధం.

ఇక విరగకాపు. దాన్ని బలం అనుకోకండి. ఆకులు వండిన తిండి బెరడు లోపలి పొర గుండా వేళ్లకు దిగుతుంది. కింద బెరడు చచ్చిందనుకోండి, తిండికి దారి ఉండదు, కొమ్మల్లోనే ఉండిపోతుంది. అదే పూతకూ కాయకూ పోతుంది. కొందరు తోటవాళ్లు కాపు కోసం కావాలనే బెరడుకు గాటు పెడతారు. వేళ్ల నుంచి నీళ్లు ఎక్కేది మాత్రం లోపలి చెక్కలోంచి, కాబట్టి ఆకులు కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తాయి. ఈలోపు కింద వేళ్లు పస్తులుంటాయి. ఆకు చూసి చెట్టు బాగుందనుకోవడం అందుకే పొరపాటు.

నా అనుమానం పురుగు మీద కాదు, మీ గ్రావెల్ మీద. మాను బెరడుకు ఎప్పుడూ గాలి ఆడాలి. రెండడుగుల మట్టి కింద తడిలో ఉంటే కుళ్లుతుంది. పైన మట్టి పేరుకుంటే పాత వేళ్లకూ ఊపిరి అందదు. నీరసించిన చెట్టును పురుగు వెతుక్కుంటూ వస్తుంది. మీరు పురుగును చంపి మట్టిని వదిలేస్తే వచ్చే ఏడు ఇంకో పురుగు వస్తుంది.

గునపం వద్దు, వేళ్లు తెగుతాయి. చేత్తో, చిన్న తాపీతో మొదలు చుట్టూ మూడడుగుల వెడల్పున పాత నేల తగిలేదాకా తవ్వండి. జానెడుకు ఒకచోట గోటితోనో చాకు మొనతోనో బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉన్నా, నల్లగా మెత్తబడి పులిసిన వాసన వేసినా అక్కడ చచ్చినట్టే. చుట్టుకొలతలో సగానికి పైగా పచ్చగా ఉంటే నేనైతే ఆగుతాను. నాలుగోవంతే మిగిలితే మాస్టారు చెప్పిందే చేస్తాను. చుట్టూ పోతే ఇక మాటల్లేవు.

లెక్కల మాస్టారు:
సరే, మట్టి తీశారు, సగం పచ్చగానే ఉందనుకుందాం. మిగతా సగం పుచ్చు మాను కాదా? గాలికి పడదని హామీ ఎవరిస్తారు?

అంటుకత్తి:
ఎవరూ ఇవ్వరు మాస్టారూ. ఎండిన కొమ్మలు దించాలి, పచ్చగా ఉన్న వైపూ కొంత బరువు తగ్గించాలి. ఎండిన చోటు కంటే మూడంగుళాలు వెనక్కి, పచ్చిలో కోయాలి. కోసిన చోట బోర్డో పేస్టు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బకెట్లో కలపండి, ఇనప బకెట్ వద్దు. ఇనప మేకు ముంచి చూడండి, ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాల్లేదని. మానును కొట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చిందా, పడమట వేళ్లు పుచ్చిపోయాయా, అప్పుడు నేనూ మీ వైపే.

మేడమీద తోట:
యూరియా, పశువుల ఎరువు వేస్తే త్వరగా కోలుకోదా?

అంటుకత్తి:
వద్దమ్మా. జ్వరంతో ఉన్నవాడికి బిర్యానీ పెట్టినట్టు.

లెక్కల మాస్టారు:
ఇంకో సంగతి. కొట్టాలని నిర్ణయించుకున్నా నేరుగా రంపం పట్టుకోకండి. చెట్లు కొట్టడాన్ని నియంత్రించే వాల్టా చట్టం (2002) ఉంది. మీ చెట్టుకు అనుమతి కావాలో మినహాయింపు ఉందో ముందు కనుక్కోండి.

గోదారి గట్టు:
రెండు రోజులు తవ్వాం. తవ్వింది నేను, విసుక్కుంది అన్నయ్య. మూడో పూట తనే తాపీ అందుకున్నాడు. పడమటి వైపు బెరడు చేత్తో లాగితే తోలులా ఊడొచ్చింది, కింద నల్లగా ఉంది. వాసన చెప్పలేను. తూర్పు, దక్షిణం పచ్చగానే ఉన్నాయి. టేపు పెట్టి కొలిచాం, చుట్టుకొలత 58 అంగుళాలు, పచ్చగా ఉన్నది 31. సగం కంటే రెండంగుళాలు ఎక్కువ! అన్నయ్య మళ్లీ కొలిచాడు, ముప్పయ్యే అన్నాడు.

అంటుకత్తి:
ముప్పయి, ముప్పయ్యొకటి ఒకటే. చచ్చిన బెరడు పచ్చి అంచు దాకా చెక్కి పేస్టు రాయండి. గుంట అలాగే ఉంచి చుట్టూ నాలుగు వరసలు ఇటుక పేర్చండి, మట్టి మళ్లీ జారకుండా. గుంటలో వాన నీరు నిలవకుండా బయటికి దారి పెట్టండి. ఒక కాపు చూడండి. కాయకపోయినా కంగారు వద్దు, ఇంత విరగకాశాక మామిడి మరుసటేడు చాలావరకు తక్కువే కాస్తుంది. చూడాల్సింది పూత కాదు, చిగురు.

ఇంకొకటి, ఇది రేపే చేయండి. చెట్టును కాపాడటం వేరు, ఆ కాయను కాపాడటం వేరు. మాస్టారు అంటు మొక్క తెమ్మన్నారు, కానీ మీ చెట్టు అంటు ఏ నర్సరీలోనూ దొరకదు. దాని టెంక నాటినా అదే కాయ వస్తుందని నమ్మకం లేదు. తూర్పు కొమ్మల్లో మూడు నాలుగు నెలల రెమ్మలు ఎంచుకుని, తొడిమలు ఉంచి ఆకులు తుంచేయండి. వారం పది రోజులకు మొగ్గ ఉబ్బుతుంది, అప్పుడు కోసి లేత టెంక మొక్కల మీద అంటు కట్టొచ్చు. జూలైలో ఉన్నాం, అదను ఇదే.

లెక్కల మాస్టారు:
ఇది ఒప్పుకుంటున్నాను. షెడ్డు మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

గోదారి గట్టు:
షెడ్డు సంగతి ఉగాది దాకా ఎత్తనని అన్నయ్య అమ్మ ముందు ఒప్పుకున్నాడు. ఆకులు ఇవాళే తుంచాను, ఆరు రెమ్మలు. టెంక మొక్కలే సమస్య అనుకున్నాం. టెంకలన్నీ మేలోనే ఊడ్చి పారేశాం, ఇప్పుడు ఎక్కడైనా దొరికినా నెల దాటిన టెంక మొలవదట. తీరా చూస్తే గోడ అవతల, అన్నయ్య పండు తిని విసిరేసిన చోట మూడు మొలిచి ఉన్నాయి. ఆకు ఇంకా రాగి రంగులోనే ఉంది. వాటిని వేరు కదలకుండా తీయడానికి పొద్దున్నే వెళ్లాలా, సాయంత్రమా?