పెట్‌స్కాప్ మొత్తం చూసినోళ్లు ఉన్నారా? అందులో కేర్ అనే పాప సంగతి కాస్త చెప్పండి

అన్నా, అక్కా, ఎవరైనా హెల్ప్ చేయండి. యూట్యూబ్‌లో 2017లో మొదలై 2019లో అయిపోయిన పెట్‌స్కాప్ సిరీస్ ఉంది కదా, పాల్ అనే అతను ఎవరికీ తెలియని పాత ప్లేస్టేషన్ గేమ్ దొరికిందని చెప్పి ఆడుతూ రికార్డ్ చేస్తుంటాడు, ఆ గేమ్ నిజంగా లేదు, అంతా టోనీ డొమెనికో చేసిందే అని నాకు తెలుసు, అయినా రాత్రి ఒంటి గంటకి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

మొదట్లో అంతా గులాబీ రంగు, ముద్దుగా ఉండే పెట్స్‌ని పట్టుకోవడమే, చిన్నపిల్లల గేమ్ లాగే ఉంది. తర్వాత గేమ్‌తో పాటు దొరికిన కాగితం మీదున్న కోడ్ కొట్టగానే న్యూమేకర్ ప్లేన్ అని చీకటి గడ్డి మైదానం వస్తుంది చూడండి, దెయ్యం లేదు ఏం లేదు, ఉత్త అడుగుల చప్పుడు, అదే భయం. ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టినా ఏం కనపళ్లేదు నాకు 😅

ఇప్పుడు నా డౌట్. కేర్ ఎ, కేర్ బి, కేర్ ఎన్‌ఎల్‌ఎం అని ముగ్గురు కనిపిస్తారు కదా, అది ఒకే పాప మూడు స్థితులా, వేరే వేరేనా? ఇంకోటి, రెండో కంట్రోలర్ బటన్స్ నొక్కి మాటలు చెప్పే పద్ధతి అస్సలు బుర్రకెక్కలే. 24 వీడియోలూ వరసగానే చూశా, మళ్లీ మొదట్నుంచి చూడాలంటే ఓపిక లేదు, ఏ ఎపిసోడ్స్ మళ్లీ చూస్తే క్లారిటీ వస్తుందో నంబర్లు చెప్పండి చాలు. తెలుగులో ఎవరైనా ఎక్స్‌ప్లెయిన్ చేసుంటే ఇంకా మంచిది.